శత్రువు నేర్పిన కత్తి

ఆయుధాలంటే నాకు మోజు లేదు. కాని చైనావారి రెండు చేతుల కత్తి కథ మాత్రం నన్ను వదలదు.

పదహారో శతాబ్దంలో సముద్రపు దొంగలు చైనా తీరం మీద విరుచుకుపడేవారు. వాళ్ళు జపాను పొడుగు కత్తులు తళతళలాడిస్తూ గెంతుకుంటూ వస్తుంటే మింగ్ సైనికుల గుండెలు జారిపోయేవి. సేనాని చీ జీగువాంగ్ ఏం చేశాడనుకున్నారు? అటువంటి కత్తులే చేయించి తనవాళ్ళ చేతికిచ్చాడు! 1561లో యుద్ధభూమిలో దొరికిన శత్రువుల కత్తిసాము పుస్తకాన్ని భద్రపరిచి, 1584 నాటి తన గ్రంథంలో చేర్చాడు. అది వాళ్ళదేనని దాచలేదు కూడా.

ఆ కత్తి అలుగు అయిదడుగులు, పిడి అడుగున్నర. చైనా కొలతల్లో లెండి. అలుగు మొదట అడుగు మేర రాగి తొడుగు. ఇంతా చేసి బరువు సుమారు కిలోన్నర! పొడుగు పెంచి బరువు పెరగనివ్వకపోవడమే కమ్మరి పనితనం. ఆ కోవ కత్తికే తరువాత ‘మియావ్ దావ్’ అని పేరు. మియావ్ అంటే నారుమొలక. అంత సన్నన.

గిట్టనివాడిలో గొప్ప కనబడితే నాకు చూపు తిప్పుకోబుద్ధవుతుంది. అప్పుడు ఆ సేనాని గుర్తొస్తాడు. కత్తి పట్టడానికి రెండు చేతులు చాలు. శత్రువు దగ్గర నేర్చుకోవడానికి గుండె కావాలి.