కుజగ్రహపు పశువు

గత సంవత్సరపు వైజ్ఞానిక ప్రదర్శనకై మేము, అనగా ద్వితీయ సంవత్సర జీవశాస్త్ర విద్యార్థులం ఐదుగురం, కుజగ్రహంపై మేయదగిన పశువు నొకదానిని కల్పించ సాహసించాము. ఇట్టి సాహసం మాతో మొదలు కాలేదు. హెచ్.జి. వెల్స్ 1901లో వెలువరించిన నవలలో చంద్రలోకవాసులు దాదాపు 200 అడుగుల పొడవైన పశువులను మేపుతారు. మాది ఏనుగంత మాత్రమే.

కుజుని ఆకర్షణ భూమి ఆకర్షణలో సుమారు 38 శాతమే గనుక పశువుకు సన్నని కాళ్లనిచ్చాము. గాలి మిక్కిలి పలుచన గనుక ఛాతీని విశాలం చేశాము. ఆ గాలిలో ప్రాణవాయువు దాదాపు లేదన్న సంగతిని, సత్యం చెప్పవలెనంటే, చూచీ చూడనట్లు వదిలాము. పచ్చిక ఉన్నదనే అనుకున్నాము. కుజుని సంవత్సరం 687 దినాలు. పచ్చిక మొలిచే ఋతువులోనే దూడ పుట్టవలెనని చూలుకాలాన్ని పూర్తిగా ఒక కుజ సంవత్సరంగా నిర్ణయించాము. మన ఏనుగు సుమారు 22 నెలలు మోయుచుండగా ఇది అసంభవమేమీ కాదు! ఈనిన వెంటనే తల్లి దూడను విడిచిపోతుందనీ, ఇది ఏకాంత సంచారి యనీ అట్టపై వ్రాశాము. కవితాత్మకంగా ఉన్నదని మురిసిపోయాము కూడ.

కాగితపు గుజ్జుతో బొమ్మ పూర్తయిన సాయంకాలం మా అధ్యాపకులు చుట్టూ తిరిగి చూచి, "బాగున్నది. తిన్న గడ్డిని అరిగించేదెవరు?" అన్నారు. మేము నాలుగు గదుల కడుపును చూపించాము.

"గదులు సరే, అందులో కాపురమున్న వారెవరు?"

గడ్డిలోని సెల్యులోజును విరిచే శక్తి ఆవుకు స్వతహాగా లేదనీ, కడుపులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టగా పుట్టిన ఆమ్లాలే ఆవుకు ముఖ్యాధారమనీ పరీక్షలో వ్రాసి మార్కులు పొందినవారమే మేము. బొమ్మ చేసేటప్పుడు ఒక్కరికీ గుర్తుకు రాలేదు.

ఆ రాత్రి మాలో ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన మిత్రుడు తమ ఇంటి సంగతి చెప్పాడు. తల్లి చనిపోయిన దూడ ఒకటి గడ్డి మేయసాగిన తర్వాత చిక్కిపోసాగిందట. వాళ్ల దాదీ ముసలి ఆవు నోటినుండి జుగాలీని, అంటే నెమరు ముద్దను, తీసి దూడ నోట కుక్కేదట. "మేము ముక్కు మూసుకొని నవ్వేవాళ్లం" అన్నాడు.

పుట్టినప్పుడు దూడ మొదటి గది చాల చిన్నది. పాలు దానిని తాకక నేరుగా నాల్గవ గదికి పోతాయి. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు తల్లి నాకుట వలన, మందలో తోటి పశువుల నోటి తడి వలన దూడకు సంక్రమిస్తాయి. మా దూడకు తల్లీ లేదు, మందా లేదు. నిండు కడుపుతో ఆకలికి చచ్చేదన్నమాట.

అట్టపై రెండు పంక్తులు కొట్టివేశాము. మిగిలిన గుజ్జుతో తెల్లవారేలోగా చిన్న దూడను చేసి, దాని మూతిని తల్లి నాలుకకు ఆనించి అంటించాము. మరునాడు చూడవచ్చిన పిల్లలు దానిని కుక్కపిల్ల అనుకున్నారు. రంగు ఇంకా ఆరలేదు.

దాదీ దూడ బ్రతికిందా అని మిత్రుణ్ణి అడిగాము. రెండు ఈతలు ఈనిందన్నాడు.