అత్తిముగం! ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?

హొసూరు అనగానే మనకు గుర్తొచ్చేవి టీవీఎస్ బండ్లు, అశోక్ లేలాండ్ లారీలు, టైటాన్ గడియారాలు. బెంగళూరు నుంచి నలభై కిలోమీటర్లు, పెద్ద రోడ్డు, రోడ్డు నిండా కంటెయినర్లు. ఆ రోడ్డు మీద పోయేవాళ్లు హొసూరులో ఆగితే టీ కోసమే ఆగుతారు. కానీ ఊరు దాటి బేరికె వైపు తిరిగి, ఓ పదిహేను కిలోమీటర్లు పోయి చూడండి. రాగిచేలు, టమాట తోటలు, గులాబీల పాలీహౌసులు, అక్కడక్కడా ఏనుగులు పడుకున్నట్టుండే గుండ్రటి బండలు. వాటి నడుమ అత్తిముగం అనే ఊరు.

ఈ ఊరు చూసినప్పటి నుంచి కనిపించిన ప్రతివాళ్లకూ దీని గురించే చెబుతున్నాను. ఇప్పుడు మీకూ చెప్పాలి. ఎందుకంటే దక్షిణాది చరిత్ర మొత్తం ఓ చిన్న ఊరి చుట్టూ, సైకిలు మీద తిరిగి చూడగలిగినంత మేరలో, ఇంత దగ్గర దగ్గరగా దొరకడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ముందు గుడి సంగతి. ఇక్కడ శివుడి పేరు ఐరావతేశ్వరుడు. ఇంద్రుడు వృత్రాసురుణ్ణి చంపి బ్రహ్మహత్యా దోషం మూటగట్టుకున్నాడు కదా. ఆ దోషం పోగొట్టుకోవడానికి ఊరూరా తిరుగుతూ ఇక్కడికి వచ్చాడట. ఆయనతో పాటు ఆయన ఏనుగు ఐరావతమూ వచ్చి ఈ లింగాన్ని కొలిచిందట. దానికి గుర్తుగా లింగం మీదే ఏనుగు ముఖం నిలిచిపోయిందని స్థలపురాణం. అదే ఆవరణలో అళగేశ్వరుడనే పేరుతో ఇంకో శివుడూ ఉన్నాడు. ఇద్దరు శివుళ్లు, ఒకే ప్రాకారం! హారతి వెలుగులో లింగం మీద తొండం జాడ కోసం కళ్లు చికిలించి చూస్తున్నంతసేపూ నాకు పక్కన ఎవరున్నారో కూడా తెలియలేదు.

ఐరావతేశ్వరుడంటే చాలామందికి కుంభకోణం దగ్గర దారాసురం గుర్తొస్తుంది. రెండో రాజరాజ చోళుడు 12వ శతాబ్దిలో కట్టించిన గుడి, 2004లో యునెస్కో జాబితాకెక్కిన గుడి. అక్కడ బస్సులు, గైడులు, కెమెరాలు. ఆ దేవుడి పేరే పెట్టుకుని ఇక్కడ హొసూరు సీమలో ఇంకో గుడి ఉంది. దీని గోడల మీద చేయి పెట్టి మెల్లగా నడుచుకుంటూ పోవచ్చు, తొందరపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ గోడల రాళ్ల మీద తమిళ శాసనాలున్నాయి. నాకు తమిళ లిపి అంతంత మాత్రమే వచ్చు. అయినా వరసలు వరసలుగా పోతున్న ఆ అక్షరాల ముందు నిలబడితే ఒళ్లు జలదరించింది. ఈ సీమ శాసనాల్లో ఎక్కువగా కనిపించేవి గుడికి రాసిచ్చిన భూములు, దీపాలకు ఇచ్చిన కానుకలు, చెరువుల పనులు, ఊరికోసం పోరాడి చచ్చిన వీరుల పేర్లు. అంటే ఆ రాళ్లు రాజుల గొప్పల కన్నా ఊళ్ల బతుకునే ఎక్కువ దాచిపెట్టాయి.

ఈ నేల ఎందరి చేతులు మారిందో చూడండి! తొలుత గంగులు, నొళంబులు. నొళంబుల రాజధాని హేమావతి మన అనంతపురం వైపుది, మడకశిర దగ్గర. అక్కడి నల్లరాతి గుళ్లు చూసినవాళ్లకు ఆ రాజుల పని కొత్త కాదు. 11వ శతాబ్ది మొదటికల్లా తంజావూరు నుంచి మొదటి రాజరాజ చోళుడి సేనలు వచ్చి ఈ సీమను కలిపేసుకున్నాయి. దీనికి నిగరిలిచోళ మండలం అని పేరు పెట్టాయి. అందులో ఈ హొసూరు చుట్టుపక్కల మురసునాడు. ఇక్కడి తెలుగువాళ్లు ఈనాటికీ తమ నేలను మొరసునాడు అనే అంటారు. వెయ్యేళ్ల కిందట రాతి మీద చెక్కిన పేరు ఇవాళ టీ కొట్టు బల్ల మీద, పెళ్లి పందిట్లో వినిపిస్తుంది!

ఆ తర్వాత హొయ్సళులు. 13వ శతాబ్ది నడుమ సోమేశ్వరుడు తన రాజ్యాన్ని కొడుకులిద్దరికీ పంచాడు. ద్వారసముద్రం పెద్దకొడుకు నరసింహుడికి, కావేరి ఒడ్డున తమిళసీమ రామనాథుడికి. పాండ్యులు కమ్ముకొచ్చేసరికి రామనాథుడు తన రాజధాని కన్ననూరు వదిలి ఎగువకు వచ్చాడు. వచ్చి ఎక్కడ కూర్చున్నాడో తెలుసా? ఇక్కడే, ఈ హొసూరు కృష్ణగిరి సీమలోని కుందాణిలో! బేలూరు, హళేబీడు కట్టించిన వంశానికి ఇవాళ ఎవరూ పేరెత్తని ఈ ఊరు కొన్నాళ్లు రాజధాని.

ఇక మనవాళ్ల వంతు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండ చేరుకున్నారు. 1589లో గోల్కొండ సేనలు పెనుకొండను చుట్టుముట్టినప్పుడు కోటను నిలబెట్టిన వీరుడు జగదేవరాయలు. ఆ మేలుకు ప్రతిఫలంగా విజయనగర రాజు అతనికి ఇచ్చిన సీమ బారామహల్, అంటే ఈ కృష్ణగిరి చుట్టుపక్కల కొండకోటల నేల. కృష్ణగిరి దగ్గర జగదేవి అనే ఊరు ఆయన పేరు మోస్తూ ఇప్పటికీ ఉంది. పెనుకొండ బురుజు మీద నిలబడి చూసిన తెలుగువాళ్లందరికీ ఈ సీమ ఆ కథలోని రెండో భాగం. మొదటి భాగమే చదివి పుస్తకం మూసేశాం మనం.

తర్వాత మైసూరు ఒడెయర్లు, హైదరు, టిప్పు. 1792లో శ్రీరంగపట్నం సంధితో బారామహల్ కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. టిప్పు చనిపోయిన 1799లో హొసూరు వైపు భూములూ వాళ్లకే చేరాయి. బారామహల్‌కు శిస్తు వసూలు పనిమీద వచ్చిన ఇద్దరు సైనికాధికారులు అలెగ్జాండర్ రీడ్, థామస్ మన్రో. నడుమ జమీందారు లేకుండా సర్కారుకూ రైతుకూ నేరుగా లెక్క కుదిర్చే రైత్వారీ పద్ధతి మొలకెత్తింది ఈ పొలాల్లోనే. ఆ మన్రోనే 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చాడు, 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కన్నుమూశాడు. మన రాయలసీమ రైతు చేతిలోని పట్టా కాగితం వెనక ఈ కృష్ణగిరి సీమలో చేసిన కొలతలున్నాయని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు.

ఇక నది. ఏటి ముచ్చట లేకుండా ఈ సీమ ముచ్చట పూర్తికాదు. నంది కొండల వరసలో రెండు పెన్నలు పుట్టాయి. ఒకటి ఉత్తర పినాకిని. అనంతపురం, కడప దాటి నెల్లూరు సీమలో సముద్రంలో కలిసే మన పెన్నేరు. రెండోది దక్షిణ పినాకిని. అది హొసూరు మీదుగా కృష్ణగిరి, ధర్మపురి, తిరువణ్ణామలై దాటి కడలూరు దగ్గర సముద్రం చేరుతుంది. తమిళులకు అది తెన్‌పెణ్ణై. పెన్నేటి పాటలు పాడుకునే మనకు ఆ పెన్నేటి తోడబుట్టింది ఇక్కడ పారుతోందని ఎందరికి తెలుసు? హొసూరు పక్కన కెలవరపల్లి దగ్గర దీనికి ఆనకట్ట ఉంది. బెంగళూరు మురుగు కలిసి కొన్నిసార్లు అక్కడ తెల్లటి నురగ కుప్పలు తేలుతాయి. ఆ మాట రాయడానికే బాధగా ఉంది. ఇంత చరిత్రను పెంచిన ఏరు ఇది. ఎగువన ఉన్న మహానగరం దీన్ని శుభ్రంగా వదలాలి, వదిలేదాకా అడగాలి.

ఆ ఏటి దాపున, హొసూరుకు దగ్గర్లోనే తొరపల్లి ఉంది. అత్తిముగం చూసినవాళ్లు తొరపల్లి చూడకుండా తిరిగిపోకూడదు. 1878 డిసెంబరు 10న ఆ పల్లె అగ్రహారంలో, మునసబు ఇంట్లో ఓ మగపిల్లాడు పుట్టాడు. ఊరి బడిలో ఓనమాలు, హొసూరులో పై చదువు, తర్వాత బెంగళూరు, మద్రాసు. 1948 జూన్‌లో మౌంట్‌బాటన్ దిగిపోయిన కుర్చీలో, ఢిల్లీలోని ఆ మహాభవనంలో కూర్చున్నది ఆ తొరపల్లి పిల్లాడే. చక్రవర్తి రాజగోపాలాచారి, మన రాజాజీ. స్వతంత్ర భారతానికి గవర్నర్ జనరల్ అయిన భారతీయుడు ఆయనొక్కడే. 1950 జనవరి 26న ఆ పదవే లేకుండా పోయింది.

రాజాజీ పుట్టిన ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు. పల్లెటూరి ఇల్లే, పెద్ద భవనమేమీ కాదు. ఆ గడపలో నిలబడితే మనసులో ఎన్నో తిరుగుతాయి. 1952లో ఆయన మద్రాసు ముఖ్యమంత్రి. ఆ డిసెంబరులోనే పొట్టి శ్రీరాములు ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడివడింది. మన పెద్దల నోట రాజాజీ పేరు ఆ రోజుల వేడితోనే వినిపించేది. కానీ ఈ ఊరికి వస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆయన పుట్టి పెరిగిన చుట్టుపట్టు తెలుగు పల్లెలు. బత్తలపల్లి, పేరండపల్లి, కెలవరపల్లి, కొత్తగొండపల్లి, ఊళ్ల పేర్లే చెబుతాయి. చిన్నప్పుడు వీధిలో ఆయన చెవినపడ్డ మాటల్లో మన మాటా ఉండే ఉంటుంది. చరిత్ర పుస్తకంలో రెండు వైపులుగా కనిపించే మనుషులు ఒకే ఏటి నీళ్లు తాగినవాళ్లని ఇక్కడికొస్తేనే అర్థమవుతుంది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు! శూళగిరి కొండ త్రిశూలంలా నిటారుగా లేచి దూరం నుంచే పిలుస్తుంది. ఆ పక్కన మల్లచంద్రం గుట్ట మీద రాకాసి గుళ్లు ఉన్నాయి. పెద్దపెద్ద బండపలకలు నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పి, ముందుపలకకు గుండ్రటి కంత తొలిచిన సమాధులు. చుట్టూ వలయంగా నిలబెట్టిన రాతిపలకలు. రాజులూ శాసనాలూ పుట్టకముందే ఈ నేల మీద మనుషులు తమ చనిపోయినవాళ్ల కోసం ఇంత బరువు మోశారు! ఇదే కృష్ణగిరి జిల్లాలో బర్గూరు వైపున్న మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీస్తుపూర్వం 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. నాలుగువేల ఏళ్లు దాటిన ఇనుము! ఇవాళ హొసూరు కార్ఖానాల్లో ఇంజన్లు పోతపోస్తున్నవాళ్లకు ముందువాళ్లు ఈ జిల్లాలో ఎంత పాతవాళ్లో ఆలోచించండి.

ఇన్ని రాళ్లు చూశాక కూడా నన్ను ఎక్కువ కట్టిపడేసినవాళ్లు మనుషులు. ఇక్కడ ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం. ఒకే మనిషి ఒకే పూటలో మూడూ మాట్లాడతాడు, మారినట్టు కూడా తెలియదు. గుడి ముందు పలకరించిన పెద్దాయన, "యా వూరప్పా మీది?" అన్నాడు. చెప్పాను. "అంత దూరం నుంచి మా గుడి చూసేకి వచ్చినావా?" అంటూ ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ "చూసేకి" వినగానే అనంతపురంలో ఉన్నట్టే అనిపించింది. తర్వాత ఒకరింట్లో రాగిసంగటి, అనపగింజల పులుసు. పేరు అడగలేదు, కులం అడగలేదు, "ఇంగొంచెం ఏస్తా ఉండు" అని మాత్రమే అన్నారు.

ఈ మాట నిలవడం తేలిక కాదు. 2006లో చేసిన చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తెలుగు చదివే పిల్లల సంఖ్య తగ్గే దారిలో ఉన్నా, ఈ యాసలో కతలు రాసేవాళ్లు, పాటలు పోగుచేసేవాళ్లు హొసూరు చుట్టూ ఉన్నారు. తెలుగు రాష్ట్రాల పత్రికలు వాళ్లను ఇంకా ఎక్కువగా అచ్చువేయాలి, మన బడి పిల్లలు వాళ్ల కతలు చదవాలి. రాష్ట్ర సరిహద్దు గీత దగ్గర మన ఆసక్తి ఆగిపోతే నష్టం మనకే.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. ఓ శనాదివారాలు పెట్టుకోండి. హొసూరులో దిగి ముందు గుట్ట మీది చంద్రచూడేశ్వరుణ్ణి చూడండి, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. పొద్దున్నే అత్తిముగం వెళ్లండి. పల్లెటూరి గుడి కదా, పూజారి ఉండే వేళ ముందుగా కనుక్కోండి. మధ్యాహ్నం తొరపల్లి. రెండో రోజు శూళగిరి, మల్లచంద్రం. గుట్ట ఎక్కడానికి ఊళ్లో తెలిసినవాళ్లను తోడు తీసుకోండి, రాకాసి గుళ్ల పలకల మీద ఎక్కకండి, పేర్లు చెక్కకండి. శాసనాల మీద సున్నం, నూనె పడకుండా చూడమని గుడివాళ్లకు మర్యాదగా చెప్పండి. తమిళం చదవగలిగిన స్నేహితుణ్ణి వెంటపెట్టుకుంటే ఆ గోడలు ఇంకా ఎక్కువ మాట్లాడతాయి.

పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి. చోళులు, హొయ్సళులు, విజయనగరం, టిప్పు, కుంఫిణీ అని బడిలో వేర్వేరు పాఠాలుగా చదివినదంతా ఒకే ఊరి చుట్టూ వాళ్లకు కనిపిస్తుంది. లింగం మీద ఏనుగును వాళ్లే వెతికి పట్టుకుంటారు. పెన్నేటికి తోడబుట్టిన ఏరుందని వాళ్లే ఇంటికొచ్చి అవ్వాతాతలకు చెబుతారు. నేను మళ్లీ వెళ్తున్నాను, ఈసారి కుందాణి చూడాలి. మీరూ బయల్దేరండి!