పొడుల మిషను గురించి మీటింగులో అడిగిన ప్రశ్నకు నా జవాబు



పోయిన ఆదివారం మన సంఘం మీటింగులో ఒక తమ్ముడు లేచి అడిగాడు. "ఆడోళ్ళ పొడుల యూనిట్‌కి ఆటోమేటిక్ ప్యాకింగ్ మిషను కొందామని అందరం చేతులెత్తినం. షెడ్డుల చూస్తే టేబుల్ మీద పెట్టుకునే చిన్న మిషను కనబడ్తున్నది. మిగిలిన పైసలు ఏమయినయి?" న్యాయమైన ప్రశ్నే. డబ్బు సంఘానిది, అడిగే హక్కు అందరిదీ. కానీ ఆ పూట నాకు కోపం వచ్చి సగం జవాబే చెప్పి కూర్చున్నాను. ఇంటికొచ్చాక సిగ్గనిపించింది. మిగిలిన పైసలు బ్యాంకులోనే ఉన్నాయి, పాస్‌బుక్కు కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు. ఎందుకు మిగిలాయో ఇక్కడ రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదట ఒక మాట ఒప్పుకోవాలి. పెద్ద మిషను కావాలని అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. ముప్పై ఏళ్ళు అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలో లూములు బాగుచేసినవాణ్ణి. చప్పుడు విని నాడె ఎక్కడ తగులుతుందో చెప్పేవాణ్ణి. టవల్ నేసే మిషను తెలిసినవాడికి పొడి నింపే మిషను ఒక లెక్కా అనుకున్నాను.

యూనిట్ సంగతి చాలామందికి తెలుసు. పదకొండు మంది ఆడవాళ్ళు. ఎక్కువమంది బీడీలు చుట్టినవాళ్ళే, ఇద్దరు కుంభారిలోని గోదూతాయి వసాహత్ నుంచి వస్తారు. పల్లి కారం, అవిసె పొడి, నువ్వుల పొడి, వెల్లుల్లి కారం, సాంబారు పొడి చేస్తారు. మన ఇళ్ళల్లో పల్లి కారం అంటాం, బజారులో శేంగా చట్నీ అని అమ్ముతాం. సోలాపూర్ పేరు చెబితే టవళ్ళు, దుప్పట్ల తర్వాత జనం అడిగేది అదీ, కడక్ భాక్రీనే కదా.

నిరుడు దీపావళికి పుణె దుకాణం ఒకటి పెద్ద ఆర్డరు ఇచ్చింది. వాళ్ళు చెంచాతో పోసి, కాటా మీద తూచి, చేత్తో నొక్కే సీలరుతో మూతి అతికించి పంపారు. మూడు వారాలకు దాదాపు సగం ప్యాకెట్లు వాపసు వచ్చాయి. కొన్నిటి మూతి విడిపోయింది. కొన్నిటి మీద నూనె మరక. విప్పితే పాత నూనె వాసన. మా వదినె ఆ డబ్బాలు షెడ్డులో ఒక మూలకు పెట్టి, నెల రోజులు ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు. నష్టం పదకొండు మంది కూలిలోంచి పోయింది. మన సంఘంలో ఈ సంగతి మిషను మాట వచ్చినప్పుడే బయటపడింది. అంతకుముందు వాళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు.

చేత్తో చేస్తే ఇట్లనే అయితది, మిషను పెడదాం అన్నాను నేను. అందరూ ఒప్పుకున్నారు.

పుణెలో ఒక మిషన్ల వ్యాపారి దగ్గరికి వెళ్ళాను. అక్కడ చూపించిన మిషను నిజంగా ముచ్చటగా ఉంది. పైన ఫిల్ము చుట్ట, అది కిందికి దిగుతూ గొట్టం చుట్టూ మడతపడి తనే సంచీ అవుతుంది, పైనుంచి పొడి పడుతుంది, దవడలు వచ్చి నొక్కి సీలు వేసి కోస్తాయి. పసుపు పోసి నడిపారు. నిమిషానికి ముప్పై ప్యాకెట్లు. నేను గడియారం పట్టుకుని లెక్కపెట్టాను, అబద్ధం లేదు. పైగా వ్యాపారి అన్నాడు, కేంద్రం వాళ్ళ పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ వస్తుంది, 10 లక్షల దాకా ఇస్తారు, ఎట్లాగూ వచ్చేది కాబట్టి పెద్దదే తీసుకోండి అని. నాకూ అది తెలివైన మాటగానే తోచింది. మిగిలిన 65 శాతం ఆ పదకొండు మంది నెత్తిన అప్పుగా, సొంత వాటాగా కూర్చుంటుందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఇంటికొచ్చి వీడియో చూపించాను. వదినె రెండుసార్లు చూసింది. "బాగున్నదయ్యా. అండ్ల మన పల్లి కారం పోసి చూసినవా?" అంది.

పొయ్యలేదు.

మళ్ళీ హుతాత్మా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఈసారి నేను, వదినె, ఇంకో ఇద్దరు. స్టీలు డబ్బాల్లో ఐదు రకాల పొడులూ తీసుకుపోయాం. బోగీ అంతా వెల్లుల్లి వాసన, పక్కసీటు మరాఠీ ఆవిడ అడిగి మరీ కొంచెం పెట్టించుకుంది.

సాంబారు పొడి బాగానే పడింది. వెల్లుల్లి కారం పడింది గానీ, పడ్డప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేచి అక్కడున్న అందరం తుమ్ములే. పల్లి కారం పోశారు. మొదటి పది ప్యాకెట్లు వచ్చాయి. ఆ తర్వాత మిషను తిరుగుతోంది, సంచీలు మాత్రం ఖాళీగా పడుతున్నాయి. పైన చూస్తే హాపరు నిండుగానే ఉంది, కింద మాత్రం పొడి వంతెన కట్టినట్టు నిలబడిపోయి, దాని కింద గుల్ల. లోపల కలియబెట్టే రెక్కను వేగం పెంచారు. దాంతో పల్లీలోంచి నూనె ఊరి, పొడి ముద్దయి, మర కడ్డీకి చుట్టుకుంది. వచ్చిన పది ప్యాకెట్లూ తూచాం. 100 గ్రాములు ఉండాల్సినవి 91 నుంచి 112 దాకా ఉన్నాయి.

ఇక్కడ ఆ మిషను ఎట్లా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే రేపు మనలో ఎవరైనా కొనబోతే ఇదే మోసపోయే చోటు. పొడి నింపేదాన్ని ఆగర్ ఫిల్లర్ అంటారు. గరాటు మధ్యలో బర్మాలాంటి మర కడ్డీ నిలువుగా ఉంటుంది. అది ఇన్ని చుట్లు తిరిగితే ఇంత పొడి కిందికి దిగుతుంది. అంటే మిషను చుట్లు లెక్కపెడుతుంది, తూచదు. సర్వో మోటారు ఉంటే చుట్లు చాలా కచ్చితంగా ఉంటాయి, బరువు కచ్చితమని హామీ లేదు. గరాటు నిండుగా ఉంటే కింద పొడి ఒత్తుకుని బరువు ఎక్కువ పడుతుంది, అడుగంటుతుంటే తక్కువ పడుతుంది. అప్పుడే పట్టిన పొడిలో గాలి ఉంటుంది, అది తేలిక. అదే పొడి రాత్రంతా నిలిస్తే దిగి బరువెక్కుతుంది. ఉప్పు, చక్కెర లాంటి జారుడు సరుకైతే మర ఆగినా కారుతూనే ఉంటుంది, దానికి కప్పులతో కొలిచే వేరే మిషను ఉంది. నూనె ఉన్న పొడికి ఏదీ సరిగ్గా కుదరదు. నూలు నంబరు మారితే లూము సర్దుబాటు మారుతుందని తెలిసిన నేనే ఈ సంగతి ముందు అడగలేదు.

బరువు సంగతిలో చట్టం కూడా ఉంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం 100 గ్రాముల ప్యాకెట్‌లో 4.5 గ్రాముల దాకా తేడా ఒప్పుకుంటారు. అట్లాగని అన్నీ తక్కువ పడితే కుదరదు, సగటు 100కు తగ్గకూడదు. తక్కువ పడుతుందన్న భయంతో ప్రతిదాంట్లో మూడు గ్రాములు ఎక్కువ వేస్తే 400 ప్యాకెట్లకు కిలో రెండు వందల గ్రాములు ఊరికే పోయింది.

ఇంటికొచ్చాక వదినె ఆ మూలన పెట్టిన వాపసు డబ్బాలు తనే బయటకు తీసింది. బకెట్లో నీళ్ళు నింపి ఒక్కో ప్యాకెట్ ముంచి నొక్కాం. సీలు పట్టినట్టు కనబడే వాటిల్లో కూడా చాలావాటికి ఒక మూల నుంచి బుడగలు వచ్చాయి. ఆ మూల కత్తిరించి చూస్తే సీలు రెండు పొరల నడుమ సన్నటి ఎర్రటి గీత. పొడి దుమ్ము. అది నడుమ ఉంటే పాలిథిన్ పొరలు ఒకదానికొకటి అతుక్కోవు, నూనె తగిలితే అసలే అతుక్కోవు. అప్పట్లో సీలు సరిగ్గా పడట్లేదని వీళ్ళు వేడి పెంచుతూ పోయారు. పైపొర ముడుచుకుపోయిందే తప్ప లోపల అతకలేదు. మన ఊరి ఎండాకాలం పొడి గాలికి ప్లాస్టిక్ సంచీ మూతికి దుమ్ము ఇంకా లాగినట్టు అంటుకుంటుంది. తప్పు చేతులది కాదు, సీలరుది కాదు. సంచీ మూతి దగ్గర నుంచి చెంచాతో పోయడంలో ఉంది. సంచీలోకి సగం దాకా దిగే పొడుగు మెడ స్టీలు గరాటు చేయించాం, పైన రెండు వేళ్ళ ఖాళీ వదలమన్నాం. ఆ గరాటుకు అయిన ఖర్చు మా టీలకు అయినదానికంటే తక్కువ.

వాసన సంగతి వేరే. పట్టిన పొడి వేడి తగ్గకముందే సంచీలో వేసి మూసేవాళ్ళు, వెలుతురు దూరే పారదర్శకం సంచీ వాడేవాళ్ళు. పల్లి నూనెకు గాలి, వెలుతురు, వేడి మూడూ శత్రువులే. ఇప్పుడు రాత్రంతా మూత డబ్బాల్లో చల్లారనిచ్చి, మెరుపు పొర ఉన్న సంచీలు వాడుతున్నారు.

ఇక పెద్ద మిషను వద్దనుకున్న అసలు లెక్క. యూనిట్‌లో మంచి రోజున 60 కిలోలు తయారవుతాయి. అంటే 100 గ్రాములవి 600 ప్యాకెట్లు. నిమిషానికి ముప్పై చేసే మిషనుకు అది ఇరవై నిమిషాల పని! మిగతా రోజంతా దానికి గుడ్డ కప్పి ఉంచాలి. అదీ ఒకే రకం అయితే. ఐదు రకాలున్నప్పుడు, రకం మారిన ప్రతిసారీ గరాటు, మర కడ్డీ విప్పి కడిగి ఆరబెట్టాలి. సాంబారు పొడిలో వెల్లుల్లి వాసన వస్తే కొన్నవాళ్ళు తిడతారు. పల్లి మిగులు ఇంకోదాంట్లో కలిస్తే తిట్లతో పోదు, పల్లి పడనివాళ్ళకు ప్రాణం మీదికొస్తుంది. లేబులు మీద పల్లి ఉందని రాయాలన్న నియమం అందుకే.

దీనికి తోడు ఫిల్ము. ఆ మిషనుకు అచ్చువేసిన చుట్ట కావాలి. ఒక్కో రంగుకు ఒక్కో సిలిండరు చెక్కించాలి, ఒక్కో రకానికి వేరే అచ్చు, పైగా కనీసం ఇన్ని వందల కిలోలు తీసుకోవాలని షరతు. మేం వాకబు చేసిన చోట ఐదు రకాలకూ కలిపి చెప్పిన ధర మిషను ధరలో సగం దాకా వచ్చింది. కొటేషన్‌లో ఈ ముక్క ఎక్కడా ఉండదు. ధర మారినా, చిరునామా మారినా ఆ చుట్టలు ఏం చేసుకోవాలి? రెడీమేడ్ సంచీ మీద స్టిక్కరు అయితే ఆ తంటా లేదు.

ఇంకో సంగతి కమిటీలో ఎవరూ పైకి అనలేదు గానీ నా మనసులో ఉంది. నింపే పనిలో ఉండేది ముగ్గురు పెద్దవాళ్ళు. అందులో ఒక పెద్దమ్మకు చూపు తగ్గింది, నడుం వంగదు, వేయించే పొయ్యి దగ్గర నిలబడలేదు. నలభై ఏళ్ళు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిన చేతులు. ఆమె చెంచాతో పోస్తే కాటా 99, 101 చూపిస్తుంది, నేను పరీక్షించాను. "మిషినొస్తే నేనేం జెయ్యాలె కొడుకా?" అని నన్ను ఒకసారి అడిగింది. ఆ మాట మీద నిర్ణయం తీసుకున్నామని అంటే తప్పు, లెక్క ప్రకారమే పెద్ద మిషను దండగ. కానీ లెక్క అటువైపు తేలి ఉంటే ఆ పెద్దమ్మకు ఏం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్నది ఇది. టేబుల్ మీద పెట్టే సర్వో ఆగర్ ఫిల్లర్, కాలి పెడల్‌తో నడిచేది, పొడి తగిలే భాగాలన్నీ 304 స్టీలు, పనిముట్లు లేకుండా చేత్తో విప్పగలిగే మర కడ్డీలు రెండు. నాలుగు పొడి రకాలకు అది. పక్కన బ్యాండ్ సీలరు, తేదీ ముద్ర కూడా అదే వేస్తుంది. పల్లి కారం మాత్రం చేత్తోనే, 200 గ్రాముల డబ్బాల్లో, కాటా మీద. మొత్తం ఖర్చు అనుకున్నదాంట్లో నాలుగో వంతు కాలేదు.

ఇందులో కూడా నేను ఒక పొరపాటు చేశాను. షెడ్డు ఉన్న లైను మీదే లూములు నడుస్తాయి. అవి ఒక్కసారి మొదలైతే వోల్టేజి పడి సీలరు వేడి తగ్గుతుంది. మొదటి వారం పొద్దున పూట వేసిన సీళ్ళు బలహీనంగా ఉన్నాయని బకెట్ పరీక్షలోనే తేలింది. లూముల మధ్య బతికినవాణ్ణి, ఇది నాకు తట్టాలి. స్టెబిలైజరు ఖర్చు నా జేబులోంచి పెట్టాను, సంఘం లెక్కలో రాయలేదు.

మిగిలిన డబ్బుతో వేయించే డ్రమ్ము కొనమని వదినె అడుగుతోంది. నిజంగా ఆలస్యమయ్యేది అక్కడేనట, రోజులో సగం వేయించడానికే పోతుందట. వచ్చే మీటింగులో పెట్టండి, ఈసారి ముందు చెయ్యెత్తకుండా కూర్చుంటాను. కొనేముందు మన పల్లీలు సంచీ నిండా తీసుకుపోయి వేయించి చూడాలని మాత్రం మినిట్స్‌లో రాయించండి.

షెడ్డు గురువారం తప్ప అన్ని రోజులూ తెరిచే ఉంటుంది. మిషను చూడాలనుకున్నవాళ్ళు రండి. పెడల్ దగ్గర ఇప్పుడు కూర్చునేది ఆ పెద్దమ్మే. కాలు నొస్తుందని నాతో రోజూ పోట్లాడుతోంది, పెడల్ ఎత్తు తగ్గించే పని ఇంకా నా మీద ఉంది.