బంతి వెల

గద్వాలనుండి కర్నూలునకు పోవు రైలుమార్గములో మానవపాడు స్టేషను కలదు. చుట్టును ప్రత్తిచేలు. అచ్చటి తల్లులు పాతచీర పీలికలను చుట్టి, దారముతో బిగించి, పిల్లలకు బంతులు చేసియిచ్చుట చూచితిమి. ఆ బంతికి అంగడిలో వెల లేదు.

సోదరీమణులారా! అమెరికావారి బేస్‌బాల్ బంతియు ఇట్టి చుట్టుడు బంతియే. నడుమ బెండును రబ్బరును గల ముద్ద, దానిపై ఉన్నినూలు, ఆపై తెల్లతోలు. 1974 వరకు గుఱ్ఱపుతోలు వాడిరి. పిమ్మట ఆవుతోలు వచ్చినది. ఆ తోలును ఎఱ్ఱదారముతో 108 జంటకుట్లు వేసి నేటికిని చేతితోనే కుట్టుదురు. అచ్చటి పెద్దపోటీల బంతులు కోస్టారికా దేశములోని తురియాల్బా పట్టణమున తయారగును, కుట్టువారిలో స్త్రీలనేకులు.

పేరుపొందిన బంతులను కొని దాచుకొనుట ఆ దేశమున గొప్ప వేడుక. 2024లో షోహే ఓటానీ అను ఆటగాడు ఆ యేటి పోటీలలో ఏబదియవ మారు మైదానపుగోడ దాటగొట్టిన బంతి, వేలములో 43 లక్షల 92 వేల డాలర్లు పలికినది. ఆటగాండ్ర సంతకముగల బంతులకును గిరాకి మెండు. కావున దొంగసంతకములును పుట్టినవి. కొనువారు సంతకమును పలుమారులు పరీక్షింతురు.

కొట్టినవాని పేరు లోకమెల్ల నెఱుగును. కుట్టిన యామె పేరు ఆ బంతిపై నెచ్చటను లేదు. సంతకమును చూచు కన్నులు ఒక్కమారు ఆ 108 కుట్లను గూడ చూచిన బాగుండునని మాకు తోచుచున్నది.