కాక డోజరు

బి.కాం. చదివే రోజుల్లో అకౌంట్స్ పేపర్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుండేది. పాత యంత్రానికి కొత్త ఇంజన్ వేయిస్తే ఆ ఖర్చు మరమ్మతు కిందికి వస్తుందా, పెట్టుబడి కిందికి వస్తుందా? యంత్రం మునుపటిలా నడవడానికైతే మరమ్మతు; మునుపటికన్నా ఎక్కువ పని చేయడానికైతే పెట్టుబడి. ఆ జవాబు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. 1998లో అదే ప్రశ్న పట్టుకుని కాక నా బల్ల ముందుకొచ్చి కూర్చున్నాడు.

కాక అంటే నాన్న తోడబుట్టినవాడు కాదు. కామాటిపురలో మా చాల్‌లో, మా గది పక్క గది వాళ్ళది. నాగ్‌పాడా దాటి మా పేట పేరు చెబితే ఇప్పటికీ జనం మొహం ఒకలా పెడతారు గాని, ఆ పేరు మన కామాటీలది. 18వ శతాబ్దం చివర్లో వర్లీ దగ్గర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడి, సముద్రపు పోటు ఆగి, ఈ పల్లపు నేల ఆరింది. నిజాం రాజ్యం నుంచి వచ్చి, మన్ను మోసి, రాయి కొట్టి, ఈ ఊరు కట్టినవాళ్ళు ఇక్కడ గుడిసెలేసుకున్నారు. కాక వాళ్ళ అయ్య చాలా తర్వాత పాలమూరు నుంచి వచ్చిన గుంపు మేస్త్రి. మా తాత ఆయన గుంపులో తట్ట మోసినవాడే. అందుచేత బ్యాంకులో కాక నన్ను "సారూ" అన్నా, మెట్లు దిగగానే "బిడ్డా" అనేవాడు.

కాకకు పన్వేల్ అవతల ఒక రాళ్ళ క్వారీలో డోజరు ఉండేది. క్యాటర్‌పిల్లర్ డి-7, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. అలాంటి బండ్లు యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలేసిన సామానులో మన దేశంలో చాలా మిగిలాయి. కేంద్ర ట్రాక్టర్ సంస్థ మొదట వాటితోనే మధ్య భారతంలో రెల్లుగడ్డి పట్టిన నేలలు దున్నించింది. 1949లో ప్రపంచ బ్యాంకు మనకిచ్చిన రెండో అప్పు, కోటి డాలర్లు, ఇలాంటి నేల బాగుచేసే ట్రాక్టర్ల కోసమే. మొదటిది రైళ్ళకు. బ్యాంకు వాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు ముచ్చటగా ఉంటుంది. డోజరుకు అప్పు అడిగినవాళ్ళలో కాక మొదటివాడేమీ కాదు.

ఆ బండి ఇంజన్ నాలుగు సిలిండర్లది, 831 ఘనపుటంగుళాలు. నిమిషానికి వెయ్యి చుట్లు, అంతే. దాన్ని లేపడానికి పక్కన రెండు సిలిండర్ల చిన్న పెట్రోల్ ఇంజన్. ముందు చిన్నదాన్ని లేపాలి, అది వేడెక్కాక పెద్దదాన్ని లేపుతుంది. చలికాలం పొద్దున అరగంట పని. "ముసలోళ్ళ లెక్క, దగ్గి దగ్గి లేస్తది" అనేవాడు కాక. 1998 నాటికి దాని దమ్ము పూర్తిగా అయిపోయింది. పూనా ఎక్స్‌ప్రెస్ రోడ్డు పని అప్పుడే మొదలవుతోంది, చిన్న చిన్న సబ్ కాంట్రాక్టులు కళ్ళ ముందు కనబడుతున్నాయి. కొత్త డోజరు కొనడం మా వాళ్ళ తరం కాదు. కాక దారూఖానా, కుర్లా పాత ఇనుము బజార్లు తిరిగి, పాడైన డంపర్లోంచి తీసిన కిర్లోస్కర్ కమ్మిన్స్ ఇంజన్ ఒకటి చూసుకున్నాడు. ఆరు సిలిండర్లు, 2100 చుట్ల దగ్గర 220 హార్స్‌పవర్. పాతదానికి వంద కూడా అంతంతమాత్రం.

కాగితం మీద ఇది రెట్టింపు బలం. కాని కాక దగ్గర పనిచేసే ఫిట్టరు, దో టాంకీ దగ్గర ఉండే ముసలాయన, నాకు ఒక సాయంత్రం విడమరచి చెప్పాడు. గేర్‌బాక్సు వెయ్యి చుట్లకు చేసింది. 2100 ఇస్తే నాలుగు రోజులు నిలవదు. గవర్నరు బిగించి 1400 దగ్గర ఆపాలి. అప్పుడు దక్కేది 150 చిల్లర. క్లచ్చికి, ఇంజనుకు మధ్య ఎడాప్టర్ ప్లేటు కోయించాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బేరింగు పోతుంది. రేడియేటరు పెద్దది కావాలి. పైగా 12, 13 టన్నుల బండి, ఎంత ఇంజన్ పెట్టినా, తన బరువును మించి నెట్టలేదు, గొలుసు జారిపోతుంది. పెరిగేది వేగం. పాత ఇంజన్ రెండో గేర్లో గుర్రుమని ఆగిపోయే చోట కొత్తది ఆగదు, రాయిని పోయి గుద్దుతుంది. ఆ దెబ్బ తినేది కింద ఉన్న గొలుసులు, ఫైనల్ డ్రైవ్ పళ్ళు. అవి అప్పటికే అరిగి కత్తుల్లా ఉన్నాయి.

అందుకే కాక ఇచ్చిన ఎస్టిమేటులో మూడు పద్దులున్నాయి. ఇంజను ఒకటి, ప్లేటు, రేడియేటరు, బిగింపు ఒకటి, గొలుసులు, స్ప్రాకెట్లు, ఫైనల్ డ్రైవ్ గేర్లు ఒకటి. మొత్తం రెండు లక్షల నలభై వేలు. మా మేనేజరు సొంత అధికారంలో ఇవ్వగలిగింది లక్షన్నర. పైకి పంపితే ఆరు నెలలు పట్టేది, బహుశా తిరిగొచ్చేది కూడా. ఆ బండికి పుస్తకాల్లో విలువ సున్నా కదా!

మూడో పద్దు నేనే కొట్టేశాను. ఎర్ర సిరాతో.

"బిడ్డా, కింద సత్తువ లేకుంట మీద సత్తువ పెడ్తే నడుస్తదా?" అన్నాడు కాక.

"ముందు ఇంజను వెయ్యి కాకా. పని మొదలైతే ఆ డబ్బుతోనే గొలుసులు మార్చుకోవచ్చు" అన్నాను. నాకప్పటికి ముప్ఫై నిండలేదు. ఉద్యోగం కొత్త. మన పేటవాడికి మొదటిసారి నా చేతి మీద అప్పు ఇప్పిస్తున్నానన్న సంతోషం ఒకవైపు, తప్పు పట్టించుకోకూడదన్న భయం ఇంకోవైపు. కాక మరి మాట్లాడలేదు. చదువుకున్నోడు చెప్తున్నాడు కదా అనుకున్నాడేమో.

ఇంజను బిగించాక తనిఖీకి వెళ్ళాను. కాక స్వయంగా ఎక్కి తోలాడు. చిన్న ఇంజన్ తంతు లేదు, బటన్ నొక్కితే లేచింది. గుట్టంత మన్నును అలవోకగా తోసుకుపోతుంటే, మా తాత తట్టలు ఎన్ని పట్టేవో అని మనసులో లెక్క వేశాను. ఆ పూట కాక భార్య జొన్నరొట్టె, గోంగూర పెట్టింది. ఇంత సంతోషంగా నేనింకే తనిఖీ చేయలేదు.

నాలుగో నెలలో ఎడమవైపు ఫైనల్ డ్రైవ్ పినియన్ పళ్ళు రాలిపోయాయి. రాలిన ముక్కలు పెద్ద గేరులో పడి దాన్నీ నమిలేశాయి. గొలుసుల డబ్బు ఇంకా చేతికి రానేలేదు. బిల్లులు మూడేసి నెలలు ఆగేవి. అదనపు అప్పుకు కాగితం పెట్టాను. "ఏ పనికిచ్చామో అది అయిపోయింది కదా, మళ్ళీ ఏమిటి?" అన్నారు మేనేజరు. మొదటి ఎస్టిమేటులో ఈ పద్దు ఉండేదనీ, కొట్టేసింది నేననీ అప్పుడు చెప్పి ఉండవలసింది. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

సబ్ కాంట్రాక్టు వేరేవాళ్ళకు పోయింది. కాక ఆ ఇంజనును విప్పి అదే బజారులో తక్కువకు అమ్మి బ్యాంకులో కట్టాడు. మిగతాది కొడుకును పరేల్‌లో ఒక వర్క్‌షాపులో పెట్టి, తను కాంక్రీటు పనుల మీద మేస్త్రీగా తిరిగి, నెల తప్పకుండా కట్టాడు. ఒక్కసారి కూడా మాట జారలేదు. ఎప్పుడైనా చాల్ మెట్ల మీద ఎదురైతే "ఇంజను మాత్రం మంచిదే ఉండె బిడ్డా" అనేవాడు. ఆ మాటకు నేను తలవంచుకునేవాణ్ణి.

2002లో ఆఖరి కిస్తు కట్టడానికి వచ్చాడు. ఖాతా మూసే కాగితంలో "అప్పు తీసుకున్న ప్రయోజనం నెరవేరిందా?" అని ఒక గడి ఉంటుంది. అధికారి నింపాలి. కాక బల్లకవతల కూర్చుని చాయ్ ఊదుకుంటూ తాగుతున్నాడు. నేను ఆ గడిలో "నెరవేరింది" అని రాసి, కింద సంతకం పెట్టాను.