కరువు సీమలో ముద్ద, ఊరిమిండి

బెంగళూరు నుంచి హైదరాబాద్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం అంటే చాలామందికి ఒక టోల్‌గేటు, ఒక టీ బ్రేకు. రాత్రి బస్సు ఎక్కితే అదీ ఉండదు, నిద్రలోనే దాటిపోతుంది. నాలుగేళ్లుగా నేనూ అలాగే దాటుతున్నాను. మొన్న నవంబరులో మూడు రోజుల సెలవు కలిసొచ్చింది. మా రూమ్మేట్ వాళ్ల నాన్నగారి మారుతీ ఓమ్నీ వ్యాను తీసుకుని ముగ్గురం బయల్దేరాం. వెనక సీటు తీసేసి పరుపు వేశాం. ఏసీ లేదు. ఎనభై దాటితే బండి మొత్తం వణుకుతుంది. నిజానికి అదే మంచిదైంది. మెల్లగా పోతే తప్ప ఈ సీమలో తిండి కంటికి కనబడదు. మేం పెట్టుకున్న షరతు ఒక్కటే, హైవే ఫుడ్‌కోర్టుల్లో తినకూడదు.

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగి లేపాక్షి చేరేసరికి ఉదయం ఎనిమిదైంది. గాలిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూడటం, పెద్ద నంది ముందు సెల్ఫీ దిగటం అందరూ చేసేదే, మేమూ చేశాం. నాకు మాత్రం బాగా గుర్తుండిపోయినవి రాతినేల మీద చెక్కిన కంచాలు. గుండ్రంగా, కూరలకూ పచ్చళ్లకూ వేరువేరు గుంటలతో, అచ్చం మన మెస్సుల్లో ఉండే స్టీలు ప్లేట్లలాగే ఉన్నాయి. గుడి కట్టిన శిల్పులు వాటిలోనే భోంచేసేవారని గైడ్లు చెబుతారు. ఆ పక్కనే ఏడుపడగల నాగలింగం. వంటింట్లో తల్లి అన్నం వండేలోపు ఊరికే కూర్చోలేక కొడుకులు దాన్ని చెక్కేశారట! నమ్మేవాళ్లు నమ్మొచ్చు. 16వ శతాబ్దంలో విజయనగర రాజుల ఉద్యోగి విరూపణ్ణ కట్టించిన ఈ గుడి గురించి జనం చెప్పుకునే కథల్లో రాజుగారి ఖజానా, శిల్పుల ఆకలి రెండూ ఉండటం నాకు నచ్చింది.

పెనుకొండ దగ్గర హైవే మీద కొరియన్ అక్షరాల బోర్డులు మొదలవుతాయి. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక వచ్చిన మార్పు ఇది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పారిపోయి వచ్చింది ఈ పెనుకొండకే. కొత్తవాళ్లు రావడం ఈ ఊరికి కొత్త కాదన్నమాట. కొరియన్ భోజనం మా షరతులో లేదు కాబట్టి ముందుకు పోయాం.

రెండోరోజు పొద్దున అనంతపురం టౌన్లో ఉగ్గాని, బజ్జీ. ఇది తెలియనివాళ్లకు ఎలా చెప్పాలి? బొరుగుల్ని నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. బళ్లారి వైపు దీన్నే వగ్గరణి అంటారు. ఉప్మా, అటుకులు దీని ముందు దిగదుడుపు అని నా అభిప్రాయం, వాదనకు సిద్ధం. బండి దగ్గర నిలబడి తింటుంటే, బజ్జీ లేకుండా ఉగ్గాని అడిగిన మా మూడోవాణ్ని బండాయన ఎగాదిగా చూశాడు. "జ్వరమొచ్చిందా అప్పా?" అన్నాడు.

ఆరోజే గుత్తి కోట ఎక్కాం. మెట్లు చాలా ఉన్నాయి, నీడ లేదు. దత్త మండలాల కలెక్టరుగా ఈ సీమను ఏలిన థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పూడ్చింది గుత్తిలోనే. కిందికి దిగాక ఒక ఇంటిముందు మెస్సులో జొన్నరొట్టె, గుత్తి వంకాయ, పప్పులపొడి తిన్నాం. గుత్తిలో గుత్తి వంకాయ అని మావాడు వేసిన జోకుకి ఎవరూ నవ్వలేదు.

అక్కడిదాకా ఇది మామూలు తిండి యాత్రే. మూడోరోజు తిరుగు ప్రయాణంలో చెన్నేకొత్తపల్లి దాటాక హైవే వదిలి ఒక పల్లెదారి పట్టాం. దారి పొడుగునా పీకిన చెనక్కాయ చెట్లు కుప్పలు పోసి ఉన్నాయి. ఒక చింతచెట్టు కింద ఒక అవ్వ, ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని కాయలు తెంపుతున్నారు. పచ్చికాయలు కొందామని ఆగాం.

"కొనేదేందప్పా, తినండి. యాడ్నుంచి వచ్చినారు?" అంది అవ్వ.

ఎండుచెత్త అంటించి దాంట్లో కాయలు పడేసింది. పైన నల్లగా కాలి, లోపల పాలుకారే గింజలు. చేతులు, మూతులు మసి. అంత రుచిగా ఉన్నాయేంటి అవ్వా అంటే ఆమె ఒక చెట్టు తీసి మా ముందు వేసింది. దానికి ఉన్నవి నాలుగే కాయలు. "రుచి ఉంది, కాయ ల్యా" అంది.

తర్వాత అక్కడే ఆమె చెప్పింది వింటే నాకు అర్థమైంది ఇది. చెనక్కాయ పువ్వు పైన పూస్తుంది, కాయ మాత్రం భూమిలో కాస్తుంది. పువ్వు రాలాక ఊడ కిందికి దిగి మట్టిలోకి దూరాలి. ఆ వారం పది రోజుల్లో వాన లేక ఎర్రనేల గట్టిపడితే ఊడ దిగదు. పైన చెట్టు పచ్చగానే ఉంటుంది, చూసేవాడికి పంట బాగుందనిపిస్తుంది. అనంతపురంలో ఏడాదికి పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతుంది. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి అని చిన్నప్పుడు జనరల్ నాలెడ్జి కోసం బట్టీ పట్టాం. ఆ కొంచెం వాన కూడా ఎంత పడిందన్నదాని కంటే ఏ వారంలో పడిందన్నదే ముఖ్యమని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మధ్యాహ్నం అవ్వ ఇంట్లోనే భోజనం. వద్దంటే వినలేదు. రాగిపిండి, కాస్త బియ్యం వేసి సంగటి కట్టెతో గెలికిన ముద్ద. పక్కన ఊరిమిండి. వేయించిన చెనక్కాయలు, మిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు రోట్లో దంచి, చివర్లో ఉల్లిపాయ వేసి ఒక్క పోటు వేస్తే అయిపోతుంది. మెత్తగా నూరకూడదు, పంటికింద పలుకు తగలాలి. ముద్దను నమలకూడదు, ఊరిమిండి అద్దుకుని మింగాలి. మావాడు నమిలాడు. అవ్వ కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మేం రోజూ ముద్ద తింటామనుకుంటాండారేమో, రేషన్ బియ్యమే మాకు. మీరొచ్చినారని చేసినా" అంది అవ్వ. మాకు అన్నం నాగరికం, వాళ్లకు ముద్ద మర్యాద. మధ్యలో జరిగిందేంటంటే, ఒకప్పుడు ఈ చేలల్లో కొర్ర, అరిక, జొన్న, సజ్జ ఉండేవి. అవి తక్కువ వానకు తట్టుకుంటాయి, ఇంటికి గింజలు, గొడ్డుకు మేత ఇస్తాయి. చెనక్కాయకు మార్కెట్లో డబ్బులొస్తాయని ఒక్కొక్క చేనూ అటు మళ్లింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కొర్రలు పండించుకుని తినాల్సిన అవసరమూ తగ్గింది. ఇప్పుడు బెంగళూరులో షుగరున్నవాళ్లు అవే కొర్రల్ని ప్యాకెట్లలో కొంటున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా కూడా ప్రకటించింది.

బియ్యాన్ని తిట్టడం నాకిష్టం లేదు. కడుపునిండిన వాళ్లకే ముద్ద గొప్పగా కనబడుతుంది. 1876-78 నాటి ధాత కరువులో ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది (అనంతపురం వేరు జిల్లా అయింది 1882లో). కరువు పనికి పోయిన మగవాడికి 1877లో రిచర్డ్ టెంపుల్ ఖాయం చేసిన కూలి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. పౌనంటే అరకిలో కూడా కాదు. 1952 కరువులో గంజి కేంద్రాలు పెట్టారు. అక్కడికి చెంబు పట్టుకుని పోయిన సంగతి వాళ్లమ్మ చెప్పేదని అవ్వ అంది. ఆ ఇళ్లలో తెల్లటి అన్నం వండుకోవడం చిన్న విషయం కాదు.

అయినా కొందరు మళ్లీ చిరుధాన్యాలు వేస్తున్నారు. అదే చెన్నేకొత్తపల్లి మండలంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, దాని చుట్టూ పుట్టిన ధరణి సహకార సంఘం రైతులతో రసాయనాలు లేకుండా కొర్ర, సామ, అరిక పండించి అమ్మిస్తున్నాయి. అవ్వ చేను మాత్రం ఇంకా చెనక్కాయే. ఎందుకంటే, "అప్పు డబ్బుగా తీర్చల్ల కదప్పా, కొర్రలిస్తే తీసుకుంటారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మూలన ఒక గోనెసంచి మూతి కుట్టి ఉంది. మావాడు దాని మీద కూర్చోబోతే కోడలు కేకేసింది. వచ్చే జూన్‌కు విత్తనం అట. ఇంట్లో ఏమీ లేకపోయినా దాన్ని ముట్టరట.

బయల్దేరుతుంటే అవ్వ ఒక స్టీలు డబ్బా, ఒక చిన్న మూట తెచ్చి వ్యాన్లో పెట్టింది. ఆమె కొడుకు బెంగళూరులో బిల్డింగు పనిలో ఉన్నాడట, సంక్రాంతి దాకా రాడట. నంబరు కాగితం మీద రాసిచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "డబ్బా మాత్రం తిరిగి పంపమను" అంది.

రాత్రి పదికి హెబ్బాళ్ ఫ్లైఓవరు కింద అతను మా కోసం నిలబడి ఉన్నాడు. సిమెంటు అంటిన చొక్కా, మా వయసే ఉంటుంది. మూట విప్పి చెనక్కాయలు చూశాడు, తర్వాత డబ్బా మూత తీసి వాసన పీల్చాడు. వేలితో కాస్త ఊరిమిండి తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"చెట్టుకెన్ని కాయలు ఉన్నాయన్నా?" అని అడిగాడు.

నాలుగు అని చెప్పాను. తలూపి, మూత బిగించి, మెట్రో పిల్లర్ల వైపు నడిచి వెళ్లిపోయాడు.