తాతయ్య గీటురాయి

సంచికకి ఏదైనా సైన్సు విషయం రాయమన్నారు మిత్రులు. సైన్సు అనగానే నాకు మా తాతయ్య గుర్తొస్తారు. ఆయన ఆలమూరులో బంగారప్పని చేసేవారు. చెయ్యి వణుకుతోందని కుంపటి మానేశారు గానీ గీటురాయి మాత్రం ఇప్పటికీ దాచుకున్నారు. ఆ నల్లరాయి మీద నగతో ఒక్క గీత గీసి, మేలిమెంతో చెప్పేసేవారు.

2021 మే నెలలో ఆయనకి జ్వరం వచ్చింది. ముక్కులోంచి నమూనా తీసి, చిన్న ప్లాస్టిక్ పలకలో చుక్కలు వేశారు. కాసేపటికి 'సి' దగ్గర ఒకే ఎర్రగీత. "నెగెటివ్!" అన్నాను, ఎవరూ అడక్కుండానే. అంతటితో ఆగానా? బి.ఎస్సీ. కెమిస్ట్రీ కదా! "ఆ ఎరుపు మీ బంగారమే తాతయ్యా" అన్నాను.

"ఎర్రగా ఉండేది రాగి రా" అన్నారాయన.

నిజానికి బంగారాన్ని మిల్లీమీటరులో పాతికవేలో వంతు రేణువులుగా చేస్తే పసుపు పోయి కెంపురంగు వస్తుంది. ఆకుపచ్చ కాంతిని మింగి ఎరుపుని వదిలేస్తుందన్నమాట. 1857లోనే మైకేల్ ఫారడే ఈ ఎర్రని ద్రవాల గురించి రాశాడు. పరీక్షలో ఆ రేణువులకి యాంటీబాడీలు అంటిస్తారు. దీపపు వత్తిలో నూనెలా ద్రవం కాగితంలో పాకుతుంది. వైరస్ ప్రోటీను ఉంటే బంగారం దాన్ని పట్టుకుపోయి, 'టి' దగ్గర కాచుకునున్న మరో యాంటీబాడీకి చిక్కుతుంది. లెక్కలేనన్ని రేణువులు అక్కడ పోగుపడితేనే మన కంటికి గీత. 'సి' గీత చెప్పేదల్లా పరీక్ష సరిగ్గా నడిచిందని మాత్రమే. గర్భ పరీక్షలు, మలేరియా పరీక్షలు చాలావాటిలో ఇదే పద్ధతి.

ఇంత చెప్పినవాణ్ణి, లక్షణాలున్నవారికి నెగెటివ్ వస్తే ఆర్.టి.-పి.సి.ఆర్. చేయించాలన్న ఐ.సి.ఎం.ఆర్. సూచన మాత్రం పట్టించుకోలేదు. అదైతే వైరస్ జన్యుపదార్థాన్ని కోట్ల రెట్లు పెంచి వెతుకుతుంది. ఆ రాత్రి అందరం ఒకే వసారాలో కూర్చుని భోంచేశాం. నాలుగో రోజున మామ్మకి ఆయాసం. అప్పుడు చేయిస్తే ఇద్దరికీ పాజిటివ్. మామ్మ పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఆ పదకొండు రోజులూ నేను తాతయ్య మొహం చూడలేదు.

ఆవిడ ఇంటికొచ్చాక ఆయనే పిలిచారు. తిట్టలేదు. గీటురాయి చేతిలో తిప్పుతూ, "మేలిమి తక్కువున్న నగ ఒక్క గీతకి తేలదురా. ఒత్తి మళ్ళీ గీస్తాం. అప్పటికీ అనుమానమైతే కరిగిస్తాం. మీ కాలేజీలో చెప్పలేదా?" అన్నారు.

"చెప్పారు తాతయ్యా" అన్నాను.